పదివేలు ఎక్కువిచ్చి కొన్న తప్పులు

"ఇది తోడేలా బ్రో?"

మా లిఫ్ట్‌లో నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. నేను జవాబు చెప్పేలోపే భైరవ ఆ అడిగినాయన చేతిలోని బిర్యానీ కవర్లో మూతి పెట్టేసి, తోక ఊపుతూ ఉంటాడు. మూడో అంతస్తు దగ్గర ఆయన సెల్ఫీ అడుగుతాడు. ఐదో అంతస్తు దగ్గర రెండో ప్రశ్న వస్తుంది. "ఎంత పడింది?"

యాభై ఐదు వేలు. సగం నాది, సగం నా రూమ్మేట్‌ది. అది 2021. ఆఫీసులు మూతబడ్డాయి. తెల్లాపూర్‌లో పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో రెండు ల్యాప్‌టాపులు, ఇద్దరు బ్యాచిలర్లు. కిటికీలోంచి చూస్తే సగం కట్టిన టవర్లు, వాటి మధ్య ఇంకా పగలగొట్టని బండరాళ్ళు. రాత్రిళ్ళు ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ రెండోసారి చూస్తున్నాం. అందులో స్టార్క్ పిల్లల వెంట తిరిగే తోడేళ్ళు ఉంటాయి కదా, అలాంటిది ఒకటి మన సోఫా పక్కన కూర్చుంటే ఎలా ఉంటుందని మా ఇద్దరికీ ఒకేసారి అనిపించింది. ఆ సిరీస్ చూసి హస్కీలు కొని, తర్వాత వదిలేసేవాళ్ళు ఎక్కువయ్యారని, దయచేసి కొనొద్దని అందులో టిరియన్‌గా చేసిన పీటర్ డింక్లేజ్ 2017లోనే బతిమాలుకున్నాడు. మాకు ఆ సంగతి కొన్నాక తెలిసింది.

ఊరి చివర రేకుల షెడ్డులో ఒకాయన పిల్లల్ని చూపించాడు. మామూలు హస్కీ నలభై ఐదు. "ఇది చూడండి సార్, ఊలీ కోట్, జంబో సైజ్ వస్తది, నీలికండ్లు" అంటూ ఒక దూది ఉండని నా చేతిలో పెట్టాడు. ఆ మూడింటికీ కలిపి పదివేలు ఎక్స్‌ట్రా. కాగితాలు అడిగితే తర్వాత వాట్సాప్ చేస్తానన్నాడు. ఇప్పటికీ రాలేదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు కుక్కపిల్లల్ని అమ్మకూడదని 2017 నుంచే రూల్స్ ఉన్నాయని అప్పుడు మాకు తెలీదు. తెలిసినా ఆ నీలికళ్ళు చూశాక అడిగేవాళ్ళం కాదేమో.

కాలభైరవుడి వాహనం కుక్క కాబట్టి భైరవ అని పెట్టాం. పేరు వింటేనే దొంగలు పారిపోవాలని. మొరిగే కుక్క కరవదంటారు. వీడు మొరగడు కూడా. కొరియర్ అబ్బాయి వస్తే తలుపు దగ్గరే వెల్లకిలా పడి పొట్ట చూపిస్తాడు. మా నాయన మొదటిసారి ఫ్లాట్‌కి వచ్చినప్పుడు ఒక గంటసేపు వాడిని చూసి, "గిది కుక్కనా, చుట్టమా?" అన్నాడు.

2022 దసరాకి ఊరికి తీసుకుపోయాను. జోగిపేట దగ్గర మాది. మా చిన్నాయనకి గొర్రెలున్నాయి, సర్కారు స్కీములో వచ్చిన ఇరవై గొర్రెలూ ఒక పొట్టేలుతో మొదలైన మంద. పిల్లలంతా "తోడేలొచ్చింది" అని ఉరికొచ్చారు. అరుగు మీద కూర్చున్న మా తాత చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి నవ్వాడు.

"తోడేలంటే గిట్లుంటదారా? బక్కగ, ఎండిన గడ్డి రంగుల ఉంటది. మంద పక్కపొంటి నడిచిపోయినా కనవడది. కండ్లు పసుప్పచ్చగుంటయి. గీ బొచ్చేసుకుంటే తోడేలు మన ఎండల సచ్చిపోతది."

తాత మాట ఎంత నిజమో తర్వాత చదివితే తెలిసింది. దక్కన్ గడ్డినేలల్లో బతికే మన తోడేలు పొట్టి వెంట్రుకల జంతువు, బరువు మహా అయితే పాతిక కిలోలు. వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది, అంటే పులికి ఉన్నంత రక్షణ. ఇక నీలికళ్ళంటారా, పెద్ద తోడేళ్ళకి అవి ఉండనే ఉండవు. పుట్టినప్పుడు నీలంగా ఉన్నా పెరిగేకొద్దీ పసుపులోకి తిరుగుతాయి. హస్కీల నీలికళ్ళు పద్దెనిమిదో క్రోమోజోమ్‌లో కొంత భాగం రెండుసార్లు రాసి ఉండటం వల్ల వస్తున్నాయని 2018లో తేల్చారు. కాపీ పేస్ట్ అన్నమాట. తోడేలు చూపులా ఉందని మేం డబ్బులు పోసి కొన్నది తోడేలుకి లేని లక్షణం.

అలాగని వాడిలో తోడేలు అసలు లేదని కాదు. మర్నాడు పొద్దున బెల్టులోంచి వెనక్కి జారి తల తప్పించుకున్నాడు. నేను చెప్పులేసుకునేలోపు చిన్నమ్మ పెంచుకుంటున్న నాటు కోళ్ళు నాలుగు చచ్చిపడున్నాయి. తినలేదు. ఒక్కోదాన్నీ ఒక్కసారి విదిలించి, పక్కన పెట్టి, ఇంకోదాని వెంటపడ్డాడు. తర్వాత మంద వైపు ఉరికితే చిన్నాయన కుక్క, పేరు కూడా లేని నల్ల కుక్క, అడ్డం నిలబడింది. భైరవ దానితో ఆడుకోవడానికి ముందుకాళ్ళు వంచి కూర్చున్నాడు. చిన్నమ్మ ఏమీ అనలేదు. మూడువేల రెండొందలు ఫోన్‌పే చేస్తే వాపసు కొట్టింది. అది ఇంకా గుచ్చుకుంటుంది నాకు.

ఆ మరుసటి మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, జనరేటర్ మొరాయించింది. భైరవ బాత్రూమ్ గచ్చు మీద పడుకుని వగరుస్తున్నాడు. నాలుక ఊదారంగుకి తిరిగింది. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, వేడి బయటికి పోవాలంటే వగర్పే ప్రధాన దారి. డాక్టర్ దగ్గరికి చేర్చేసరికి థర్మామీటర్ 41 చూపించింది. తడిపి, ఫ్యాన్ కింద పెట్టి, సెలైన్ ఎక్కించారు. బతికాడు. "గుండు కొట్టిద్దామా డాక్టర్?" అని అడిగితే ఆయన కోప్పడ్డారు. లోపలి మెత్తటి పొర, పైన నిటారు వెంట్రుకల పొర కలిసి చలినే కాదు, ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కూడా ఆపుతాయట. గొరిగితే కొందరికి మళ్ళీ సరిగా మొలవదు కూడా. "దీనికి కావాల్సింది కత్తెర కాదు, వేరే ఊరు" అన్నారు.

2023 ఆగస్టులో మా రూమ్మేట్ ఎంఎస్‌కి డాలస్ వెళ్ళిపోయాడు. యాభై ఐదు వేలలో సగం వాడిది, వెంట్రుకలన్నీ నావి. ఏడాదికి రెండుసార్లు బొచ్చు మారుస్తాడు. ఆ వారాల్లో ఇడ్లీ పిండిలో కూడా తెల్ల వెంట్రుక తేలుతుంది.

2024 జనవరి నుంచి వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మన్నారు. అప్పుడు మొదలైంది అసలు కథ. భైరవ ఊళ పెడతాడు. లింగంపల్లి లైన్లో రైలు కూసినా, పటాన్‌చెరు వైపు నుంచి ఆ ఘాటు వాసన గాలి వీచినా అంతకుముందూ పెట్టేవాడు. ఇప్పుడు నేను తలుపు వేసిన దగ్గర్నుంచి తీసేదాకా పెడుతున్నాడు. కింది ఫ్లాట్‌లో నెలల పాప. వాళ్ళమ్మ రికార్డు చేసి గ్రూపులో పెట్టింది. ఆమె తప్పేం లేదు, విన్నాక నాకే భయమేసింది.

సరిగ్గా మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ సర్క్యులర్ వచ్చింది. మనుషులకు ప్రమాదమంటూ 23 రకాల కుక్కల్ని నిషేధించమని రాష్ట్రాలకు చెప్పింది. పిట్‌బుల్, రాట్‌వైలర్... ఆ వరుసలోనే ‘వుల్ఫ్ డాగ్స్’. ఆ లైన్ కింద ఎర్రగీత గీసి ఎవరో గ్రూపులో పడేశారు. నలభై నిమిషాల్లో నూట పన్నెండు మెసేజ్‌లు. ఆదివారం మీటింగ్.

హస్కీ వుల్ఫ్ డాగ్ కాదని నిరూపించాలి. శనివారం రాత్రంతా చదివాను. 2004లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం 85 జాతుల కుక్కల డీఎన్‌ఏ పోల్చింది. తోడేలుకి దగ్గరగా తేలిన గుంపులో హస్కీ ఉంది, కొంప మునిగింది అనుకున్నా. అదే గుంపులో పెకింగీస్ ఉంది, షీజూ ఉంది. మా అసోసియేషన్ ట్రెజరర్ ఆంటీ ఒళ్ళో రోజూ గులాబీ క్లిప్పు పెట్టుకుని కూర్చునేది షీజూనే.

అప్పుడే మొదటిసారి హస్కీకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణాల కాగితం చూశాను. ఎఫ్‌సీఐ వాళ్ళది, 270వ నంబర్. కుక్కల పోటీల్లో జడ్జీలు వాడతారు. ఏది గుణం, ఏది లోపం అని స్పష్టంగా రాసి ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే అది స్పెక్ డాక్యుమెంట్. మేమేమో అది చదవకుండానే ప్రొడక్షన్‌లో పెట్టేశాం.

మగకుక్క భుజం ఎత్తు 53.5 నుంచి 60 సెంటీమీటర్లు. 60 దాటితే పోటీకే అనర్హం. అర్ధరాత్రి టేపు తెచ్చి భైరవని గోడకి ఆనించి కొలిచా. 62. బరువు 28 కిలోలు మించకూడదు. వాడు 31. పొడవుగా, చింపిరిగా పెరిగిన బొచ్చు లోపం. కళ్ళు నీలమైనా గోధుమరంగైనా ఒకటే, ఎక్కువ మార్కుల్లేవు. అంటే ఊలీ కోట్, జంబో సైజ్ రెండూ తప్పుల పట్టీలో ఉన్నాయి, మూడోది లెక్కలోనే లేదు. పదివేలు దేనికిచ్చామో అప్పుడర్థమైంది.

ఎందుకు లోపమో తెలుసుకున్నాక ఆ కాగితం మీద గౌరవం పెరిగింది. ఈ కుక్కల్ని తీర్చిదిద్దింది సైబీరియా తూర్పు చివర ఉండే చుక్చీ ప్రజలు. వాళ్ళకి కావాల్సింది కొండంత కుక్క కాదు. తేలికపాటి బరువుని ఓ మోస్తరు వేగంతో చాలా దూరం లాక్కెళ్ళేది, తక్కువ తిండితో సరిపెట్టుకునేది. ఒళ్ళు పెరిగితే దూరం తగ్గుతుంది. బొచ్చు మరీ పొడవైతే మంచు గడ్డలు కట్టి వేలాడుతుంది. 1909లో వీటిని మొదటిసారి అలాస్కా రేసుకి తెచ్చినప్పుడు ఇంత చిన్నవేంటని ‘సైబీరియా ఎలుకలు’ అని వెక్కిరించారట. మరుసటేడు అదే రేసు గెలిచింది ఈ ఎలుకల బండే. 1925లో నోమ్ పట్టణంలో డిఫ్తీరియా వస్తే ఇరవై మంది బండ్లవాళ్ళు చేతులు మార్చుకుంటూ వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరం అయిదున్నర రోజుల్లో మందు చేర్చారు. చివరి దశలో మంచుతుఫానులో దారి కనపడక బండివాడు కుక్క ముక్కునే నమ్ముకున్నాడు. ఆ కుక్క పేరు బాల్టో.

మన మాట వినకుండా, తనకి తోచిన దారిన పోవడం అక్కడ ప్రాణాలు కాపాడిన గుణం. చెరువు గట్టు మీద నేను "భైరవా, రా!" అంటే నావైపు ఒకసారి చూసి, ఆలోచించి, రాకపోవడం కూడా అదే గుణం.

స్వభావం గురించి కూడా రాశారు. కాపలా కుక్కలా నాదీ అనే పట్టు ఉండదు, కొత్తవాళ్ళ మీద అతి అనుమానం ఉండదు. ఆ లైన్లు నేనే తెలుగు చేసి, ప్రింట్ తీసి మీటింగ్‌కి పట్టుకెళ్ళా. చదివేలోపే భైరవ ప్రెసిడెంట్ గారి ఒళ్ళో తల పెట్టేశాడు. కుక్కల్ని అసోసియేషన్లు వెళ్ళగొట్టలేవని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు ఉన్నాయి కానీ అవి తీయాల్సిన పని పడలేదు. తోడేలు గొడవ అక్కడితో అయిపోయింది. ఏప్రిల్‌లో ఆ సర్క్యులర్నే కర్ణాటక హైకోర్టు కొట్టేసింది.

ఊళ గొడవ అయిపోలేదు. పాప తల్లి మీటింగ్ అయ్యాక పక్కకి వచ్చి, "అన్నా, అది తోడేలా కాదా నాకనవసరం, మా పాప పడుకోవాలి" అంది. దానికి నా దగ్గర ప్రింటౌట్ లేదు.

ఇచ్చేద్దామనుకున్నాను. నిజంగానే. ఆన్‌లైన్‌లో ఫొటో పెడితే అదే రోజు ఒకాయన ఫోన్ చేశాడు. ఫామ్‌హౌస్ ఉందట, రాత్రి కాపలాకి కావాలట. "చూస్తేనే భయమేస్తది కదా, పగలు గొలుసేసి రాత్రి వదుల్తం" అన్నాడు. నీడ ఉందా అంటే రేకుల షెడ్డుందన్నాడు. డబ్బు కూడా ఇస్తానన్నాడు. ఆలోచించి చెప్తానని ఫోన్ పెట్టేశాను. ఆ రాత్రి యాడ్ తీసేశాను. మంచితనం అనుకోకండి, మర్నాడు ఆఫీసుంది, భైరవ ఊళ పెడతాడు, నా దగ్గర ఇంకో దారి కూడా లేదు.

దారి లిఫ్ట్‌లో దొరికింది. ఆరో అంతస్తు అంకుల్ బీహెచ్‌ఈఎల్‌లో రిటైరయ్యారు, ఒక్కరే ఉంటారు. "బాబూ, గుంపులో బతికే జంతువుని గదిలో పెట్టి తాళం వేస్తే అరవదా? నేనూ అరుస్తాను. పగలు మా ఇంట్లో వదిలెయ్" అన్నారు. ఇప్పుడు నేను నాలుగున్నరకి లేస్తాను. ఎండెక్కకముందే ఇద్దరం ఆరు కిలోమీటర్లు పరిగెత్తుతాం. తొమ్మిదింటికి ఆరో అంతస్తులో దింపుతాను. ఏసీ కింద పాలరాతి మీద, తోకతో ముక్కు కప్పుకుని పడుకుంటాడు. అంకుల్ పాత క్రికెట్ మ్యాచులు చూస్తుంటారు. ఊళ మొత్తం ఆగిపోలేదు, రైలొస్తే పెడతాడు. మే నెల కరెంటు బిల్లులో సగం నేను కడతానంటే అంకుల్ ఒప్పుకోరు. అది నాకు ఇబ్బందిగానే ఉంది. ఆయన వచ్చే ఏడాది అమెరికాలో కొడుకు దగ్గరికి ఆర్నెల్లు వెళ్తానంటున్నారు. అప్పుడేం చేయాలో తెలీదు.

మొన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు నా డీపీ చూసి, "అన్నా, హస్కీ తీసుకుందామనుకుంటున్నా, ఊలీ కోట్ ఒకటి దొరికింది, పదివేలే ఎక్స్‌ట్రా" అన్నాడు. వద్దని చెప్పలేదు. చెప్తే వినే వయసులో మేమూ వినలేదు. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మా ఇంటికి రమ్మన్నాను, నల్ల చొక్కా వేసుకుని.