పుష్కరాల సీడీ

మా తాతమ్మ పేరు ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఆ సంగతి మొన్న సంక్రాంతికి రాజమండ్రి వెళ్ళినప్పుడు బయటపడింది. 2027లో గోదావరి పుష్కరాలు. నాన్న లేరు కాబట్టి ఈసారి పిండప్రదానం నేనే చెయ్యాలి. పురోహితుడు మూడు తరాల పేర్లు అడుగుతాడు, మగవాళ్ళవీ ఆడవాళ్ళవీ. "ముందే రాసి పెట్టుకోరా, అక్కడ జనంలో తడుముకుంటావు" అంది అమ్మ. కాగితం తీసుకుని కూర్చున్నాం. నాన్న, తాతయ్య, ముత్తాత వచ్చేశారు. నాయనమ్మ పేరు రాశాను. ఆవిడ అత్తగారి దగ్గర పెన్ను ఆగిపోయింది.

అమ్మ కాపురానికి వచ్చేటప్పటికే ఆవిడ పోయింది. పెద్దత్తకి ఫోన్ చేస్తే "మామ్మకి పేరేంట్రా, మామ్మే" అంది. పొలం కాగితాలు తిరగేశాను, అన్నీ మగవాళ్ళ పేర్లే. తాతయ్య వంశవృక్షం రాసుకున్న నోటుపుస్తకం ఒకటి ఉండేదట. 1986 ఆగస్టు వరదలో లంకలో ఇంటితో పాటు అదీ పోయింది. ఆ తర్వాతే మావాళ్ళు రాజమండ్రి వచ్చి స్థిరపడ్డారు.

నిజానికి ఆ పేరు నా చెవిన పడకుండా ఏమీ లేదు. 2015 పుష్కరాల్లో నాన్న పక్కనే ఉన్నాను. మొదటిరోజు తొక్కిసలాటలో పాతికమందికి పైగా చనిపోయిన పుష్కరాలవి. భయపడి వారం ఆగి వెళ్ళాం. నాన్న నీళ్ళ దగ్గర కూర్చుని పేర్లన్నీ వరసగా చెప్పారు. నేను రెండు మెట్ల పైన నిలబడి ఆఫీసు మెయిల్‌కి జవాబిస్తున్నాను. ఏదో రిలీజు. ఏ రిలీజో ఇప్పుడు గుర్తు లేదు. ఆరోజు ఫోన్‌తో తీసిన ఫొటోలు మాత్రం నలభై దాకా ఉన్నాయి. ఆరింట్లో నాన్న నోరు తెరిచి ఏదో అంటున్నారు.

"సీడీ ఉండాలిరా" అంది అమ్మ ఉన్నట్టుండి.

2003 పుష్కరాలు తాతయ్యకి ఆఖరి పుష్కరాలు. కోటిలింగాల రేవులో ఆయన చేసిన కార్యక్రమం అంతా నాన్న ఒక పెళ్ళిళ్ళ వీడియో అతని చేత తీయించారు. అది వీసీడీగా వచ్చింది. బీరువాలో పెళ్ళి ఆల్బముల కింద దొరికింది. పైన బాల్‌పెన్నుతో "పుష్కరాలు" అని నాన్న చేతిరాత. సీడీ మీద బాల్‌పెన్నుతో రాయకూడదు. మెరిసే పొర ఉండేది ఆ పైపక్కనే, పెచ్చులేస్తే సమాచారమూ పోతుంది. 2003లో ఆ మాట మాకెవరు చెప్పారు?

ఇంట్లో సీడీలు ఆడేది ఒక్కటే, 2012లో నా మొదటి ఉద్యోగంలో కొన్న లాప్‌టాప్. ఇప్పుడది అమ్మ దగ్గర ప్రవచనాలు వినడానికి పనికొస్తోంది. సీడీ పెట్టాను. లోపల గిర్రున తిరిగిన చప్పుడు వచ్చింది, ఆగిపోయింది. తెర మీద చూస్తే డ్రైవ్ గుర్తే లేదు. సీ ఉంది, డీ ఉంది, ఆ తర్వాత ఏమీ లేదు.

"దసరాకి అక్క పెళ్ళి సీడీ పెట్టుకు చూశానే. పోయిన నెల ఓ రాత్రంతా అప్‌డేట్ అప్‌డేట్ అని తిప్పింది. నేనేం ముట్టుకోలేదు బాబూ."

పన్నెండేళ్ళుగా ఇదే రంగంలో ఉన్నవాణ్ణి. అప్‌డేట్ ముందు పనిచేసి తర్వాత పనిచెయ్యలేదని ఎవరైనా చెబితే ముందు చూడాల్సింది అప్‌డేట్‌నే. నేను అమ్మ మాట చెవిన పెట్టలేదు. పాతది కదా, పోయుంటుందనుకున్నాను. మెయిన్‌రోడ్డులో రిపేరు షాపుకి తీసుకెళ్తే అతనూ అదే అన్నాడు. "ఆయ్, డ్రైవే పోయిందండి. పాతది కదండి. ఎక్స్‌టర్నల్ ఒకటి తీసుకోండి, చవకలో అయిపోద్ది." కొన్నాను.

కొత్త డ్రైవ్‌ని యూఎస్‌బీకి తగిలించాను. లైటు వెలిగింది, సీడీ తిరిగింది. తెర మీద మళ్ళీ ఏమీ లేదు. ఆఫీసు లాప్‌టాప్‌కి పెట్టి చూశాను. బయటి డ్రైవ్‌లు వాడకూడదని కంపెనీ నియమం, అది అసలు ఒప్పుకోలేదు.

అప్పుడు కాస్త బుర్ర పెట్టాను. పుస్తకాల మీద వ్యాసాలు రాసే అలవాటు నాకిక్కడ పనికొచ్చిందంటే నవ్వకండి. మన రాజమండ్రిలోనూ కొన్నాళ్ళు ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ పండితుల్ని పెట్టుకుని తాళపత్ర ప్రతులు ఒకదానితో ఒకటి పోల్చి శుద్ధప్రతులు రాయించాడు. ప్రతులు పోల్చేవాళ్ళకి ఒక మోటు సూత్రం ఉంది. రెండు ప్రతుల్లో సరిగ్గా ఒకచోటే ఒకే తప్పు ఉంటే ఆ తప్పు ఈ ఇద్దరు లేఖకులదీ కాకపోవచ్చు. వాళ్ళు చూసి రాసిన మూలంలోనే ఉండొచ్చు. నా ముందు పన్నెండేళ్ళు దాటిన డ్రైవ్ ఒకటి, పొద్దున అట్టపెట్టె లోంచి తీసింది ఒకటి. రెండింటికీ ఒకటే జబ్బు. అలాంటప్పుడు జబ్బు డ్రైవ్‌ది కాదు.

లాప్‌టాప్ ఆపి, మొదలయ్యేటప్పుడు బయోస్ తెరిచాను. పాత డ్రైవ్ పేరు అక్కడ శుభ్రంగా కనిపించింది. యంత్రానికి డ్రైవ్ తెలుసు, సిస్టమే గుర్తుపట్టట్లేదు. డివైస్ మేనేజర్‌లో రెండు డ్రైవ్‌ల పక్కనా పసుప్పచ్చ త్రికోణం, లోపల కోడ్ 39. డ్రైవర్‌ని లోడ్ చెయ్యలేకపోతున్నానని దాని అర్థం. ఇది మొదటిరోజే చూడాల్సింది.

కథ ఏమిటంటే, సిస్టమ్‌కీ సీడీ డ్రైవ్‌కీ మధ్య ఫిల్టర్ డ్రైవర్లని కొందరు మధ్యవర్తులు చేరొచ్చు. సీడీలు రాసే సాఫ్ట్‌వేర్లు తమ ఫిల్టర్‌ని ఇలా మధ్యలో నిలబెట్టేవి. ఎవరెవరు నిలబడాలో ఆ జాబితా రిజిస్ట్రీలో ఉంటుంది. అది ఒక్కో డ్రైవ్‌కి విడివిడిగా కాదు, సీడీ డ్రైవ్‌ల తరగతి మొత్తానికి రాసి ఉండొచ్చు. కొత్తగా కొన్నదాన్ని కూడా ఆపింది అందుకే. కొన్నప్పుడు నేనూ అలాంటి సాఫ్ట్‌వేర్ ఒకటి వేసి, ఏడాదికే తీసేశాను. అది పోతూ పోతూ జాబితాలో తన పేరు వదిలేసి పోయింది. ఫైలు కూడా ఎక్కడో మిగిలి ఉన్నన్నాళ్ళూ బండి నడిచింది. అప్‌డేట్ ఆ పాత ఫైలుని పక్కన పెట్టేసింది, జాబితాలో పేరు మాత్రం అలాగే ఉంచింది.

ధవళేశ్వరం నుంచి కాలవల మీద పడవలు తిరిగే రోజుల్లో లాకు దగ్గర లస్కరు తలుపు తీస్తేనే పడవ దాటేది. ఆ లస్కరు ఎప్పుడో పోయాడు. రిజిస్టరులో ఆయన పేరు కొట్టెయ్యలేదు, ఇంకొకర్ని వెయ్యలేదు. పడవ బానే ఉంది, కాలవలో నీళ్ళూ ఉన్నాయి. పడవ మాత్రం కదలదు. నా లాప్‌టాప్‌లో జరిగింది ఇదే.

ఎవరికైనా పనికొస్తుందేమోనని చేసింది చెబుతాను. రిజిస్ట్రీలో క్లాస్ కింద 4డి36ఇ965 అని మొదలయ్యే పొడుగాటి నంబరు సీడీ డ్రైవ్‌ల తరగతిది. ముందు దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి నకలు దాచుకున్నాను. ఈ మెట్టు దాటెయ్యకండి, రిజిస్ట్రీలో తప్పు చోట చెయ్యి పెడితే సీడీ సంగతి తర్వాత, సిస్టమే లేవదు. అందులో అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అని రెండు ఉన్నాయి. రెండూ తీసేసి రీస్టార్ట్ చేశాను. ఇప్పుడు వాడుతున్న సాఫ్ట్‌వేర్ ఏదైనా ఆ ఫిల్టర్ల మీద ఆధారపడితే దాన్ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. నాకలాంటివి లేవు. రెండు నిమిషాల పని. త్రికోణాలు పోయాయి, రెండు డ్రైవ్‌లూ వచ్చాయి.

అమ్మ స్టవ్ కట్టేసి వచ్చి మంచం మీద కూర్చుంది.

వీసీడీ బొమ్మ చాలా చిన్నది, 352 చుక్కల వెడల్పు, 288 ఎత్తు. తెరంతా పరిస్తే మనుషులు నీళ్ళలోంచి కనబడ్డట్టు ఉంటారు. సీడీ లోపలి అంచు నుంచి బయటికి చదువుతుంది కాబట్టి మొదటి భాగం బానే ఆడింది. రేవు, జనం, పసుపు నీళ్ళు, పదమూడేళ్ళ నేను కెమెరా వైపు చూసి వెకిలిగా నవ్వడం. నాన్న. నాన్నకి అప్పుడు జుట్టు నల్లగా ఉంది. అమ్మ ఏమీ అనలేదు, నేనూ అనలేదు.

తాతయ్య కూర్చున్నాడు. పురోహితుడు గోత్రం అడిగాడు, తర్వాత పేర్లు. మైకులో ఎవరో తప్పిపోయిన పిల్లాడి చొక్కా రంగు చెబుతున్నారు. బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయింది. మాట మాత్రం తెగలేదు. "మీ అమ్మగారి పేరు?" అన్నాడు పురోహితుడు. తాతయ్య చెప్పాడు. ఒక్కసారే, గట్టిగా, పక్కింటి వాళ్ళని పిలిచినట్టు.

ఆ పేరు ఇక్కడ రాయను. ద్రాక్షారామంలో భీమేశ్వరుడి పక్కనున్న అమ్మవారి పేరని చెబితే మా వైపు వాళ్ళకి తెలిసిపోతుంది.

కాగితం మీద రాసుకున్నాను. అమ్మ వైపు చూస్తే తెర మీంచి చూపు తిప్పట్లేదు.

"మీ అక్క పుట్టినప్పుడు ఈ పేరే పెడదామన్నారు మీ నాన్న. పాత పేరు, బళ్ళో ఏడిపిస్తారని నేనే పడనివ్వలేదు. వాళ్ళ మామ్మ పేరని ఒక్క మాట అనలేదు."

"చెబితే పెట్టేదానివా?"

కాసేపు ఆలోచించింది. "పెట్టేదాన్ని కాదేమోలే."

ఆ పేరు అమ్మకి నలభై ఏళ్ళుగా తెలుసన్నమాట. ఎవరి పేరో తెలీదంతే. పెద్దత్త, పొలం కాగితాలు, వరదలో పోయిన పుస్తకం అంటూ ఊరంతా వెతికాం. పక్కన కూర్చున్న మనిషిని సరైన ప్రశ్న అడగలేదు. "నాన్న ఎప్పుడైనా ఏదైనా పేరు అనేవారా?" అని అడిగితే చాలేది. డ్రైవ్ విషయంలోనూ అంతే. అప్‌డేట్ అని ఆవిడ మొదటి నిమిషంలోనే చెప్పింది. పాత యంత్రం కదా, పెద్దావిడ కదా అనుకుని రెండు మాటలూ దాటేశాను.

ఆ రాత్రి సీడీలోని ఫైలు కాపీ చేసి మూడుచోట్ల పెట్టాను. ఒకటి అక్కకి పంపాను. ఫైలు ఈ వేసవికి ఉంటుంది, వచ్చే అప్‌డేట్‌కి ఏమవుతుందో చెప్పలేం. అందుకని పేర్లన్నీ అమ్మ పంచాంగం వెనక అట్ట మీద కూడా రాశాను. ఈసారి రేవులో నీళ్ళ దగ్గర కూర్చునేది నేనే. ఫోన్ అమ్మ చేతికిచ్చి కూర్చుంటాను.

పడుకోబోతుంటే వంటింట్లోంచి అమ్మ గొంతు వినబడింది. అక్కతో మాట్లాడుతోంది.

"నిద్రపోయావేంటే? ఏం లేదు, నీకో పేరు చెబుదామనీ."