ఆపదలో రెండు భాషల అవసరం



పిల్లలకు తెలుగు ఎందుకు నేర్పాలని ఎవరైనా అడిగితే మనం సాధారణంగా సంస్కృతి, సాహిత్యం అని సమాధానమిస్తాము. బరంపురంలో తెలుగు బోధిస్తున్న నేను ఇటీవల మరొక కారణాన్ని కూడా చెబుతున్నాను. అది ప్రాణరక్షణ.

గంజాం ప్రాంతం 1936లో మద్రాసు రాజధాని నుండి విడివడి ఒడిశాలో చేరింది. నేటికీ మన ఇళ్ళలోని వృద్ధులు తమ బాధను తెలుగులోనే చెప్పుకుంటారు. ఆసుపత్రిలో వినేవారిది చాలావరకు ఒడియా. ఈ ఇద్దరి నడుమ దుబాసీగా నిలిచేది తరచుగా బడిపిల్లలే.

నా విద్యార్థిని ఒకతె నాయనమ్మకు నేలమీద పడుకున్నప్పుడు పాము కరిచింది. రాత్రివేళ పాము పేరు ఎత్తకూడదన్న ఆచారంతో ఆ వృద్ధురాలు "పురుగు ముట్టింది" అన్నది. బాలిక ఆసుపత్రిలో "పోక కాముడిచి" అని చెప్పింది. ఒడియాలో పోక అంటే కీటకం. గాయానికి మందు రాసి వారిని కూర్చోబెట్టారు. పక్కన ఉన్న ఒక తెలుగు తల్లి ఆ ముసలమ్మ మాటలు విని, "పామేనా?" అని అడిగిన తరువాతనే అసలు చికిత్స మొదలయింది.

కట్లపాము కాటుకు నొప్పి, వాపు దాదాపుగా ఉండకపోవచ్చు. కొంతసేపటికి కడుపునొప్పి వస్తుంది, కనురెప్పలు వాలిపోతాయి, ఊపిరి అందదు. కనుక "సాప కాముడిచి" అనే మాట ప్రతి బిడ్డకూ రావాలి. కాటును కోయరాదు, నోటితో పీల్చరాదు, బిగించి కట్టరాదు. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసివేసి, కరచిన అవయవాన్ని కదలనీయక, నాటువైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. పామును పట్టి తీసుకువెళ్ళనవసరం లేదు.

అందువలన నెలకొక తెలుగు తరగతిని దీనికి కేటాయించవలసిందిగా మిమ్ములను కోరుతున్నాను. పిక్క, గజ్జ, డొక్క, నడుము ఎక్కడ ఉంటాయో పిల్లలచేత చూపించండి. చాలామందికి తెలియదని మీరే గ్రహిస్తారు. తరువాత తెలుగు మాట ఒకవైపు, ఒడియా మాట మరొకవైపు వ్రాయించండి. "కళ్ళు తిరుగుతున్నాయి" అన్నదాన్ని మాటకు మాట మారిస్తే కంటిజబ్బు అనుకుంటారు. అక్కడ "ముండ బులాఉచి" అనాలి. గుండెల్లో నొప్పికి "ఛాతి జంత్రణా" అనాలి. కర్ణాటకలో, తమిళనాడులో ఉన్న మిత్రులు తమ ప్రాంతభాషలో ఇటువంటి పట్టికనే తయారుచేసుకోవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంటిలోని ప్రతివారి పేరు, వయస్సు, రక్తవర్గం, వాడే మందులు, పడని మందులు ఒక కాగితంమీద రెండు లిపులలోనూ వ్రాయండి. ఇంటి చిరునామా, దగ్గరి గుర్తు, బంధువుల ఫోను నంబర్లు, అంబులెన్సుకు 108, ఏ అత్యవసరానికైనా 112 చేర్చండి. తడవకుండా ప్లాస్టిక్ సంచిలో ఉంచి తలుపు వెనుక తగిలించండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం వద్ద తీరం దాటినప్పుడు మన ప్రాంతంలో ఎన్నో రోజులు కరెంటు లేదు. సెల్‌ఫోనులో మాత్రమే దాచుకున్న నంబరు అటువంటి రోజున అక్కరకు రాదు.

పెద్దల బాధను అర్థం చేసుకొనేందుకు తెలుగు, దానిని వైద్యునికి వివరించేందుకు ప్రాంతభాష కావాలి. ఈ రెండింటిలో ఏది లోపించినా నష్టపోయేది మన ఇంటివారే. ఈ వారమే ఆ కాగితం వ్రాయించండి.