కండబలముతో కడలి దాటిన విమానము

పక్షివలె ఆకాశమున విహరింపవలెనను కోరిక మానవునకు అనాదిగా కలదు. మన పెద్దలు పుష్పకవిమానమును ఊహించిరి. గ్రీకులు మైనపు రెక్కల ఇకారసు కథను చెప్పుకొనిరి. 1903వ సంవత్సరమున రైటు సోదరులు ఆ కోరికను నెరవేర్చిరి. 1909లో బ్లేరియో అను ఫ్రెంచి వైమానికుడు ఇంగ్లీషు ఛానలును దాటెను. కాని వారిని మోసినది యంత్రము. యంత్రసహాయము లేక, తన కండబలముతోనే మనుష్యుడు ఎగురగలడా? ఈ ప్రశ్న మిగిలియే యుండెను.

హెన్రీ క్రెమర్ అను బ్రిటిషు పారిశ్రామికుడు 1959లో దీనికై ఒక బహుమానము ప్రకటించెను. అర మైలు ఎడముగల రెండు స్తంభముల చుట్టును 8 అంకె ఆకారమున ఎగిరి రావలెను. పలువురు ప్రయత్నించి విఫలులైరి. బహుమానము పెరిగి పెరిగి 50,000 పౌనులయ్యెను.

అమెరికాలో పాల్ మెక్రెడీ అను ఇంజనీరు ఉండెను. అతడు బంధువొకని అప్పునకు పూచీపడెను. ఆ వ్యాపారము చెడిపోగా సుమారు లక్ష డాలర్ల ఋణభారము అతనిపై పడెను. ఒకనాడు ఆ బహుమానపు సంగతి అతనికి స్ఫురించెను. 50,000 పౌనులన్నను ఇంచుమించు లక్ష డాలర్లే!

గ్రద్దలును రాబందులును రెక్కలాడింపక గాలిలో తేలుట చూచి అతడు లెక్కలు కట్టెను. రెక్క మిక్కిలి పెద్దదై, బరువు మిక్కిలి తక్కువైనచో మెల్లగా ఎగురవచ్చును. మెల్లగా ఎగురుటకు స్వల్పశక్తి చాలును. ఇతరుల విమానములు సుందరములే గాని, విరిగినచో బాగుచేయుటకు నెలలు పట్టెడివి. మెక్రెడీ విమానము సన్నని గొట్టములు, తీగలు, పలుచని ప్లాస్టిక్ పొరలతో గాలిపటమువలె కట్టబడినది. అది మాటిమాటికి విరిగెడిది. త్వరలోనే బాగుపడి మరల ఎగిరెడిది. ప్రతి పతనమును ఒక పాఠమయ్యెను. 1977 ఆగస్టు 23వ తేదీన కాలిఫోర్నియాలోని షాఫ్టరులో, బ్రయన్ ఆలెన్ అను సైకిలు పందెగాడు తొక్కగా, ‘గాసమర్ కాండర్’ ఆ బహుమానమును గెలిచెను.

అంతట క్రెమర్ ఇంగ్లీషు ఛానలును దాటినవారికి 100,000 పౌనులిత్తునని ప్రకటించెను. మెక్రెడీ బృందము ‘గాసమర్ ఆల్బట్రాస్’ను నిర్మించెను. దాని రెక్కలు ఈ కొననుండి ఆ కొనకు దాదాపు 98 అడుగులు. బరువు 32 కిలోలు మాత్రమే! వైమానికుడే దానికంటె ఎంతో బరువు. అతడు సైకిలువలె పెడళ్లు త్రొక్కుచుండగా వెనుకనున్న పంకా తిరుగును.

1979 జూన్ 12వ తేదీ ఉదయమున ఆలెన్ ఇంగ్లండులోని ఫోక్‌స్టన్ తీరమునుండి బయలుదేరెను. పడవలు వెంట సాగెను. రెండు గంటల ప్రయాణమని తలంచి నీరు తెచ్చుకొనెను. కాని ఎదురుగాలి వీచెను. నీరు నిండుకొనెను. ఎత్తు తెలుపు పరికరము నిలిచిపోయెను, రేడియో చెడెను. కాళ్లు కొంకర్లు పోవజొచ్చెను. కొద్ది అడుగుల క్రిందనే సముద్రము!

ఇక తన వల్ల కాదని ఆలెన్ పడవవారికి సైగ చేసెను. వారు త్రాడు తగిలించుటకు వీలుగా విమానమును కొంచెము పైకెత్తవలసి వచ్చెను. మిగిలిన శక్తినంతయు కూడగట్టి అతడు పైకి లేచెను. ఆశ్చర్యము! అచ్చట గాలి క్రిందివలె అల్లకల్లోలముగా లేదు. త్రొక్కుట తేలికయయ్యెను. త్రాడు వలదని సైగచేసి అతడు ముందునకు సాగెను. 2 గంటల 49 నిమిషములకు ఫ్రాన్సులోని గ్రీనే అగ్రము చెంత ఇసుకపై దిగెను. దాటిన దూరము 22 మైళ్లకు పైగా కలదు.

సరకులు మోయుటకు గాని, ప్రయాణికులను చేర్చుటకు గాని ఆ విమానము పనికిరాదు. అయినను దాని నిర్మాణమున నేర్చిన తేలికదనము వ్యర్థము కాలేదు. 1981లో మెక్రెడీ బృందము నిర్మించిన ‘సోలార్ చాలెంజర్’ సూర్యరశ్మి శక్తితోనే ఫ్రాన్సునుండి ఇంగ్లండు చేరెను.

బాలలారా! ఆనాడు ఆలెన్ ఓటమిని అంగీకరించుటకే పైకి లేచెను. అచ్చటనే అతనికి దారి దొరకెను. చాలించుకొందమని తోచినప్పుడు మరి నాలుగడుగులు ఎక్కి చూచుట మంచిది. అనుకూలమైన గాలి అచ్చటనే ఉండవచ్చును.