మంజీర వెంట, కల్లు వెంట

మంజీరది తిక్క నడక. మహారాష్ట్రలో, బీడ్ జిల్లా బాలాఘాట్ గుట్టల్లో పుట్టి, లాతూరు, బీదరు సీమలు దాటుకుంటూ ఆగ్నేయానికి దిగుతుంది. సంగారెడ్డి దరిదాపుల్లో ఏం తోస్తుందో ఏమో, ఉత్తరానికి తిరుగుతుంది. మెదక్‌ను కుడిచేతి పక్కన వదిలేసి, మొత్తం 724 కిలోమీటర్లు నడిచి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది.

మా మిత్రబృందంలో ఒకడు పోర్చుగల్‌లోని పోర్తో నగరానికి వెళ్లొచ్చాడు. అక్కడ దోరు నది ఒడ్డున పూటకో గిడ్డంగి తిరిగి, గ్లాసు అడుగున రెండు గుక్కలు పోయించుకుని, ఏ ఏటి వైనో ఎలా ఉందో రాసుకున్నాడట. ఆ నోటుబుక్కు పట్టుకునే డిసెంబరు చలిలో మంజీర వెంట బయల్దేరాడు, వెనక మేమూ. చలికాలం ఈతకల్లు కాలం. తాటికల్లుకు ఎండలు ముదరాలి.

సింగూరు దగ్గర నది నది కాదు, చెరువులా పరుచుకున్న జలాశయం. కిందికి వస్తే మంజీర బరాజ్, అందులో మొసళ్లు. 1978లోనే దాన్ని అభయారణ్యం చేశారు. ఈ నీళ్లు పైపులెక్కి హైదరాబాద్ నల్లాల్లోకి పోతాయి. నీళ్లు పోతాయి గానీ, ఈ ఒడ్డు కల్లు మాత్రం అంత దూరం పోలేదు. మేం తిరిగిన దారంతా నాకు ఈ ఒక్క సంగతే తడుతూ వచ్చింది.

ఏడుపాయల దగ్గర మంజీర రాళ్ల నడుమ ఏడు పాయలుగా చీలుతుంది. పాపన్నపేట మండలం నాగ్సానిపల్లిలో వనదుర్గ గుడి. శివరాత్రి జాతరకు ఇసుకేస్తే రాలనంత జనం. పైన సింగూరు గేట్లెత్తితే గుడి ముందు నీళ్లు, ఒక్కోసారి గుడిలోనే నీళ్లు. కాస్త పైన నిజాం కాలపు ఘనపురం ఆనకట్ట ఉంది, 1905 నాటిది. దాని మహబూబ్ నహర్, ఫతే నహర్ కాలువలు ఇప్పటికీ వరి పండిస్తున్నాయి. మెదక్ ఊరు నది ఒడ్డున లేకపోయినా మంజీర మెతుకు తింటున్నది ఇలా.

కల్లు మండువ మాకు ఆ కాలువల కింద దొరికింది. పొద్దు ఇంకా పొడవలేదు. గీతకార్మికుడు మోకు నడుముకు బిగించి ఈతచెట్టెక్కాడు. మొవ్వు కింద గీత పెట్టిన చోట రాత్రంతా బొట్టు బొట్టుగా లొట్టిలోకి కారింది. తాటిచెట్టు సంగతి వేరు, దాన్ని గెల దగ్గర గీస్తారు. లొట్టిలో నిన్నటి కల్లు తడి మిగిలి ఉంటుంది, అందులోని ఈస్టు కొత్త తీపిని చెట్టు మీదనే పులియబెట్టడం మొదలెడుతుంది. అది వద్దనుకున్నవాళ్లు లొట్టి లోపల సున్నం పూస్తారు, అప్పుడది నీరా.

దించిన వెంటనే పట్టిన మొదటి వంపు తియ్యగా, లేత కొబ్బరినీళ్లకు దగ్గరగా ఉంది. పొద్దెక్కాక అదే చెట్టు కల్లులో పులుపు, ముక్కుకెక్కే ఘాటు. మధ్యాహ్నానికి బొబ్బర గుడాలు పక్కన లేనిదే గొంతు దిగలేదు. పోర్తో మిత్రుడు నోటుబుక్కులో ‘సంవత్సరం’ అన్న గడి కొట్టేసి ‘గంట’ అని రాసుకున్నాడు.

దోరు లోయలో పండిన ద్రాక్ష సారాన్ని పీపాల్లో పోసి, రబేలో అనే పడవల్లో నది దిగువకు, పోర్తోకు ఎదురొడ్డున ఉన్న విలా నోవా ద గైయాకు తెచ్చేవారు. పులియడం మధ్యలో ద్రాక్ష బ్రాందీ కలిపి ఆపేస్తారు గనుక తీపి నిలుస్తుంది, ఏళ్ల తరబడి చెడదు. ఆ సీమకు 1756లోనే ప్రభుత్వం హద్దులు గీసింది. అంత ఏర్పాటు వెనక ఉన్నది సరుకు ప్రయాణం చేయగలగడమే. కల్లుకు ఆ ఓపిక లేదు.

ఒక సీసా నింపమని మేమూ గీతకార్మికుణ్ని అడిగాం, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు రుచి చూపిద్దామని. “మూత బిగిస్తె పగుల్తది, వదులుగ పెడితె పుల్లగైతది. ఆళ్లనే ఈడికి రమ్మనుండ్రి సారూ,” అన్నాడాయన.

చెట్టు ఇచ్చేది కొన్ని లొట్లు, పట్నం అడిగేది పీపాలు. ఆ తేడా పూడ్చేందుకే క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, ఆల్ప్రాజోలం వచ్చి కూచున్నాయి. నీళ్లలో మందు కలిపి కల్లు పేరుతో అమ్మేస్తారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో అలాంటిది తాగి పలువురు చనిపోయారు. ఇట్లాంటివి జరిగినప్పుడల్లా తిట్లు కల్లుకు పడతాయి. నన్నడిగితే దోషం చెట్టుది కాదు, గీసేవాడిది అసలే కాదు.

మెదక్‌లో చర్చి చూడకుండా పోలేం. కరువు రోజుల్లో చార్లెస్ వాకర్ పాస్నెట్ పనీ కూడూ కలిపి ఇచ్చి కట్టించిన రాతి కట్టడం, 1924 క్రిస్మస్‌కు తెరిచారు. మేం వెళ్లిన పండుగ రోజుల్లో లోపల అడుగు పెట్టే చోటు లేదు.

ఊరు దాటాక మంజీర నిజాంసాగర్‌లో ఆగుతుంది. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ఆనకట్ట బోధన్ దాకా చెరకు పండించింది, చెరకు చక్కెర ఫ్యాక్టరీని తెచ్చింది. చక్కెర తీశాక మిగిలే మొలాసిస్ నుంచి కూడా ఈ దేశంలో విస్కీ, బ్రాందీ పేర్లతో అమ్మే సరుకు తయారవుతుంది. మంజీర తడిపిన తీపిలో సీసాకెక్కి దూరాలు పోగలిగింది ఆ చెరకు తీపే.

కందకుర్తిలో సంగమం దగ్గర స్నానాల రద్దీ. అక్కడ కల్లు మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కార్లో కూర్చున్నాక మాత్రం తాటికల్లుకు ఏప్రిల్లో రావాలా, మార్చిలోనే రావాలా అన్న దగ్గర గొడవ మొదలై కామారెడ్డి దాకా తెగలేదు.