అమ్మ జుట్టు, చైనా పుట్టకొక్కు

మొన్న దసరాకు కోరుట్ల పోయినప్పుడు అమ్మ బతుకమ్మ పేరుస్తున్నంతసేపూ కొంగు తలమీంచి తీయలేదు. బీడీలు చుట్టే రోజుల్లో ఆమె జడ నడుం దాటి ఉండేది. ఇప్పుడు పాపిట దగ్గర నెత్తి కనబడుతున్నది.

మందుల సంచిలో కొత్త డబ్బా ఒకటి దొరికింది. మీద ఎర్రటి పుట్టకొక్కు బొమ్మ, ఇంగ్లిష్‌లో గానోడెర్మా అని పేరు. అడిగితే, "సిరిసిల్ల మీ బావ ఇచ్చిండు. ఎంటికలకు మంచిదట" అన్నది. బావ మరమగ్గాలు ఆగిపోయి చాలా రోజులైంది. ఇప్పుడు గొలుసుకట్టు వ్యాపారంలో చేరి ఈ గోలీలు అమ్ముతున్నాడు.

పుస్తకాల మీద సమీక్షలు రాసేవాణ్ణి, డబ్బా మీది కథను వదులుతానా! ఆ రాత్రి దాని వెనుక ఏముందో చదివాను. చైనావాళ్లు దీన్ని లింగ్‌జీ అంటారు. దాదాపు 2000 ఏళ్ల నాటి 'షెన్నోంగ్ బెన్‌త్సావో జింగ్' అనే మందుల గ్రంథం ఈ జాతిలో 6 రంగులు చెప్పి, ఒళ్లు తేలికవుతుందని, ఆయుష్షు పెరుగుతుందని అంటుంది. వాళ్ల వైద్యంలో మూత్రపిండాల సత్తువ జుట్టులో కనబడుతుందని ఒక సూత్రం. ఒంటికి బలమిచ్చే మందు జుట్టుకూ బలమే అనే వాదం అక్కణ్ణించి వస్తుంది. నిజానికి జుట్టు నలుపుకు వాళ్లు ఎక్కువగా వాడేది హెషౌవూ అనే దుంప, పుట్టకొక్కు కాదు. ఆ దుంప కాలేయాన్ని దెబ్బతీసిన కేసులు చాలానే నమోదయ్యాయి. ఇంకో తమాషా, మన కోనసీమ కొబ్బరి రైతుకు గానోడెర్మా అంటే మందు కాదు, చెట్టును నిలువునా ఎండబెట్టే తెగులు.

ఇదంతా పొద్దున అమ్మకు చెప్తే, "తొలకరికి పుట్టకొక్కుల కూర తిన్నం గని ఎంటికల కోసం ఎన్నడు తిన్లేదు బిడ్డా" అని నవ్వింది.

నేనూ నవ్వేవాణ్ణే. కానీ సంచి అడుగున థైరాయిడ్ గోలీల పట్టీ విప్పకుండా ఉంది.

"ఇవెందుకు ఏసుకుంటలేవే?"

"గవి, ఇవి కలిపి ఏసుకోవద్దన్నడు. రెండు నెలలాయె బందు వెట్టి."

"జుట్టు ఇంకా రాలుతుంది కదనే!"

"ముందుగాల రాలుతదట. ఒంట్ల ఇసం పోతదట."

ఆ మాట దగ్గర ఆగిపోయాను. జుట్టు పెరిగితే మందు పనిచేసినట్టు, రాలినా పనిచేసినట్టే. ఎప్పుడూ ఫెయిల్ కాని టెస్టును మా ఆఫీసులో టెస్టు అనరు. థైరాయిడ్ తగ్గినా జుట్టు రాలుతుంది. అంటే అమ్మ రాలడం ఆపే గోలీ మానేసి, రాలడాన్నే గుణమనుకుంటున్నది.

బావ అబద్ధమాడలేదు. అక్కకు కాన్పు తర్వాత జుట్టు ఊడి, ఈ గోలీలు వేసుకుంటుండగా తిరిగి వచ్చిందట. కాన్పైన రెండు మూడు నెలలకు జుట్టు రాలడం, కొన్ని నెలల్లో దానంతటదే రావడం మామూలే. మధ్యలో ఏది మింగితే పేరు దానికి పోతుంది.

జగిత్యాల తీసుకుపోయి రక్తపరీక్ష చేయించాను. టీఎస్‌హెచ్ ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువుంది. పాత గోలీ పరగడుపున వేసుకొని, చాయకు కనీసం అరగంట ఆగాలన్నారు డాక్టరు. తిరిగొస్తూ బస్సులో బావకు ఫోన్ చేయబోతే అమ్మ చెయ్యి పట్టుకున్నది.

"వానితోని కొట్లాట వెట్టుకోకు. ఆని మగ్గాలు ఆగినయ్. నేను కాకపోతే ఎవలు కొంటరు?"

ఆ డబ్బా కొన్నది నేను నెలనెలా పంపే పైసలతోనే. పైసలు ముట్టినయా, తిన్నవా అని అడిగేవాణ్ణి. గోలీల సంగతి రెండు నెలల్లో ఒక్కసారీ అడగలేదు. బావ మాత్రం ఇంటికొచ్చి, పక్కన కూర్చొని, ఆమె జుట్టు గురించి అడిగాడు.

బావకు ఆ సాయంత్రం ఫోన్ చేశాను. కొట్లాడలేదు. అక్క జుట్టు సంగతి, అమ్మ రిపోర్టు సంగతి చెప్పి, ఇంగ్లిష్ గోలీలు మానమని మాత్రం ఎవరికీ చెప్పొద్దన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "అత్త మంచిగున్నదా?" అన్నాడు చివరికి.

ఇప్పుడు రోజూ పొద్దున ఫోన్ చేసి అడుగుతున్నాను. "ఏసుకున్న గని, నువ్వు తిన్నవా?" అంటది. జుట్టు ఇంకా రాలేదు. కొంగు ఇంకా దిగలేదు.