బోరు మీద ఆశ

అనంతపురం మెట్ట నేలల్లో ఆశ జూదంగా మారే చోటు బోరుబావి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేల అడుగున ఉన్నది చాలామటుకు గట్టి రాయి. నీళ్లు దాని పగుళ్లలోనే దొరుకుతాయి. పగులు తగిలితే పంట, తప్పితే అప్పు. ఒక బోరు ఎండిపోతే రైతు పక్కనే ఇంకొకటి వేయిస్తాడు. పోయిన డబ్బే ఆ పని చేయిస్తుంది. బోరు ఎక్కడ వేయాలో పాయింటు చూపించడానికి అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగేవాళ్లున్నారు. మూఢనమ్మకమని తీసిపారేయడం తేలికే గానీ, చీనీ చెట్లు కళ్లెదుటే ఎండుతున్నవాడికి లెక్కలు చెవికెక్కవు. కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలనే వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. పక్క చేనులో నీళ్లు పడ్డాయన్న కబురు ముందు అది పెద్దగా నిలబడలేదు.