సుద్దకొండ మీద సైకిలు దారి

పిల్లలూ!

ఇంగ్లండు అనగానే మీకు లండను నగరమూ, థేమ్సు నదీ, పెద్ద గడియారమూ జ్ఞాపకం వస్తాయి. కాని ఆ దేశంలో తారు ఎరగని దారులు కూడా వేల మైళ్ళున్నవి. కొన్ని కంకర దారులు, కొన్ని మట్టి దారులు, కొన్ని ఒట్టి గడ్డి దారులు. వాటిమీద సైకిలు తొక్కుతూ పల్లెపట్లు చూడటమంటే అక్కడివారికి ఎంతో సరదా. అరవై దాటిన ఈ మేష్టారు కూడా ఒకనాడు అటువంటి దారిన సైకిలు తొక్కాడు. ఆ సంగతి చెబుతాను, వినండి.

మా అబ్బాయి రెడింగు పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. వేసవిలో వాడి దగ్గరకు వెళ్ళాను. ఒక ఆదివారం పొద్దున వాడూ, పద్నాలుగేళ్ళ మా మనుమరాలూ, నేనూ సైకిళ్ళను రైలులో పెట్టుకుని, గోరింగు స్టేషనులో దిగాము. వంతెన మీద థేమ్సు దాటితే స్ట్రీట్లీ గ్రామం. అక్కడినుంచి ఎక్కుడు మొదలు. ఎక్కితే వచ్చేదే రిడ్జ్‌వే.

రిడ్జ్‌వే అంటే కొండవెన్ను మీది దారి. దీని పొడవు 87 మైళ్ళు, అంటే సుమారు 140 కిలోమీటర్లు. స్ట్రీట్లీ నుంచి పడమటగా ఓవర్టన్ కొండ దాకా సైకిళ్ళు పోవచ్చు. తూర్పు సగంలో చాలాచోట్ల కాలినడకే. మనుషులు ఈ దారిన అయిదు వేల ఏళ్ళ నుంచీ నడుస్తున్నారని చెబుతారు.

అంత పాతకాలంలో కొండ మీదనే ఎందుకు నడిచారు? మీరే ఆలోచించండి. లోయల్లో బురద, అడవి. కొండమీద మాత్రం సుద్దరాయి. వాన కురిస్తే నీరు సుద్దలోకి ఇంకిపోతుంది. అందుచేత పైదారి త్వరగా ఆరుతుంది. ఈ సుద్ద ఎలా పుట్టిందో తెలుసా? కోట్ల ఏళ్ళ క్రితం అక్కడ సముద్రం ఉండేది. కంటికి కనబడనంత చిన్న సముద్రజీవుల పెంకులు అడుగున పేరుకుని, గట్టిపడి సుద్ద అయినవి. నేను ముప్పై అయిదేళ్ళు బళ్ళో సుద్దముక్క పట్టుకున్నవాణ్ణి. ఒక కొండ కొండంతా అదే అయితే ఎలా ఉంటుందో అప్పుడే చూచాను!

సుద్దలో అక్కడక్కడా చెకుముకి రాళ్ళుంటాయి. పగిలితే అవి కత్తుల్లా ఉంటాయి. అందుకని ఈ దారులకు వేరే రకం సైకిలు వాడతారు. దాన్ని గ్రావెల్ సైకిలంటారు. చూపుకు పందెపు సైకిలులాగే వంపు హాండిలు ఉంటుంది. కాని టైర్లు వెడల్పు, 40 మిల్లీమీటర్లు, ఆపైన కూడా ఉంటాయి. వాటిలో గాలి కొంచెం తక్కువగా కొడతారు. గట్టి టైరు రాయి తగలగానే ఎగిరిపడుతుంది. మెత్తటి టైరు రాయిని పట్టుకున్నట్టు వంగి, దాటిపోతుంది. అయితే తడిసిన సుద్దమీద ఏ టైరూ నిలవదు. సబ్బుమీద కాలు వేసినట్టే!

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. ఒకచోట దారి పల్లానికి దిగుతున్నది. సైకిలు వేగం అందుకున్నది. ముందు ఒకావిడ గుర్రంమీద పోతున్నది. నేను దగ్గరగా వెళ్ళి గంట కొట్టి, పక్కనుంచి దాటబోయాను. గుర్రం బెదిరి పక్కకు గెంతింది. ఆవిడ ఎలాగో కళ్ళెం బిగించి దాన్ని నిలిపింది. ఏమాత్రం జారినా ఆ రాళ్ళమీద ఆవిడ ఎముకలు విరిగి ఉండేవి. నేను దిగి క్షమాపణ చెప్పుకున్నాను. ఆవిడ శాంతంగా, "దూరంనుంచే పలకరించండి. మనిషి గొంతు వింటే గుర్రం బెదరదు" అని చెప్పి వెళ్ళిపోయింది.

అప్పుడు మనుమరాలు, "తాతయ్యా, నీకు ముందే చెప్పవలసింది. గుర్రాలకూ, నడిచేవాళ్ళకూ మనమే దారి ఇవ్వాలి. అది ఇక్కడి చట్టం" అన్నది. నిజమే. గుర్రాలు నడిచే బాటలమీద సైకిళ్ళు పోవచ్చునని 1968లో చట్టం చేశారు. అదే చట్టంలో, సైకిలువాడు మిగతావారికి దారి ఇవ్వాలని కూడా రాశారు. తెలియక చేశానన్న సాకు ఒప్పుకోనని పిల్లలతో ఎన్నివందల సార్లు అన్నానో! ఆనాడు ఆ మాట నాకే తగిలింది.

ఆ దేశంలో ఏ దారి ఎవరిదో చెప్పడానికి స్తంభాలమీద బాణం గుర్తులు ఉంటాయి. పసుపు బాణమైతే నడిచేవారికే. నీలం బాణమైతే గుర్రాలూ, సైకిళ్ళూ కూడా పోవచ్చు. చాలా దారులు రైతుల పొలాలగుండానే పోతాయి. పొలం రైతుదే, దారి మాత్రం అందరిదీ. ఇటువంటి దారులన్నిటినీ పటాలలోకి ఎక్కించాలని 1949లో చట్టం వచ్చింది. ఒకసారి దారి అయితే ఎప్పటికీ దారే అన్నది అక్కడి న్యాయస్థానాలు పాటించే సూత్రం. దారిన పోయేవారికీ ఒక మర్యాద ఉన్నది: పొలం గేటు తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి, మూసి ఉంటే మళ్ళీ మూయాలి. లేకపోతే గొర్రెలు తప్పిపోతాయి.

మధ్యాహ్నం దాటాక అఫింగ్టన్ కొండ చేరాము. ఆ వాలుమీద ఒక తెల్ల గుర్రం బొమ్మ ఉన్నది. పొడవు 110 మీటర్లు! పచ్చగడ్డి తీసి, కందకాలు తవ్వి, వాటిని సుద్దతో నింపి ఆ బొమ్మను గీశారు. కందకం అడుగుమట్టి ఎండ చూసి ఎన్నాళ్ళయిందో 1990 తరువాత శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ఆ లెక్క ప్రకారం గుర్రం వయస్సు సుమారు 3000 ఏళ్ళు.

ఇందులో వింత ఏమిటంటే, కొన్నేళ్ళు వదిలేస్తే గడ్డి పెరిగి గుర్రం మాయమైపోతుంది. కాబట్టి ఎవరో ఒకరు ఎప్పటికప్పుడు గడ్డి పీకి, కొత్త సుద్ద వేసి, సుత్తులతో కొడుతూ వస్తున్నారు. ఇప్పటికీ జనం స్వచ్ఛందంగా వచ్చి ఆ పని చేస్తారు. రెండవ ప్రపంచయుద్ధంలో మాత్రం శత్రువిమానాలకు ఆనవాలు కాకుండా కప్పి ఉంచి, తరువాత మళ్ళీ తెరిచారు. నూరు తరాలకు పైగా గడిచినవి. నడుమ ఒక్క తరంవాళ్ళు బద్ధకించినా, ఈనాడు మనకు గుర్రం లేదు!

ఇంకొంచెం ముందుకు పోతే చెట్లనడుమ పెద్ద రాళ్ళ సమాధి ఒకటి ఉన్నది. అది 5000 ఏళ్ళకు పైబడినది. దాని పేరు వేలండ్ కొలిమి. గుర్రాన్నీ, ఒక నాణేన్నీ అక్కడ వదిలి వెళితే, కనబడని కమ్మరి ఒకడు నాడాలు కొట్టి ఉంచుతాడని కథ. సరిగ్గా అక్కడే మా అబ్బాయి సైకిలు పంచరయింది! మనుమరాలు నవ్వుతూ రాయిమీద ఒక నాణెం పెట్టింది. కమ్మరి రాలేదు. మేమే ట్యూబు మార్చుకున్నాము. నాణెం తిరిగి ఆమె జేబులోకే పోయింది.

పిల్లలూ, ఆ రాత్రి నాకు మా ఊరి డొంక గుర్తుకు వచ్చింది. చిన్నప్పుడు ఆ డొంకలోనే నడిచి బడికి పోయేవాణ్ణి. రెండు బండ్లు ఎదురైనా తప్పుకునేంత వెడల్పుండేది. ఏడాదికి ఒక చాలు చొప్పున అటువాళ్ళూ ఇటువాళ్ళూ కలుపుకుంటూ పోయారు. ఈనాడు సైకిలు కూడా పోదు. ఎవరూ అడగలేదు. నేను హెడ్మాస్టరునై ఉండి కూడా అడగలేదు.

గ్రామ పటంలో మీ ఊరి డొంకలూ, పుంతలూ గీసి ఉంటాయి. నాన్ననో తాతయ్యనో అడిగి, ఒకసారి ఆ పటం చూడండి. తరువాత పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని ఆ దారిన నడవండి. నడిచేవారున్నంత కాలమే దారి దారిగా ఉంటుంది. నేనూ ఈ సంక్రాంతికి మా ఊరు వెళుతున్నాను, పటం చూడటానికే.